11 ఏళ్ల కాకర్ స్పానియల్‌లో దీర్ఘకాలిక చెవి నొప్పి: ఒక కేస్ స్టడీ

ముసలి కుక్క చెవి నుంచి చీము కారుతోందంటే పశువైద్యుడి చేయి ముందు చుక్కల మందు మీదికే పోతుంది. ఏ క్రిమి ఉంది, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుంది అనే ఆలోచిస్తాం. ఇన్ఫెక్షన్ తగ్గితే నొప్పి దానంతటదే తగ్గుతుందిలే అనుకుంటాం. కొత్తగా వచ్చిన చెవిపోటుకు ఈ లెక్క సరిపోవచ్చు, ఏళ్ల తరబడి నడిచిన చెవి జబ్బుకు సరిపోదు. అప్పటికి నొప్పే ఒక జబ్బుగా పాతుకుపోయి ఉంటుంది. దాన్ని విడిగా గుర్తించాలి, విడిగా మందివ్వాలి, తగ్గిందో లేదో విడిగా కొలవాలి. కాకినాడలో నా క్లినిక్‌కి వచ్చిన బ్రౌనీ కేసును ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

వచ్చినప్పటి పరిస్థితి

బ్రౌనీ మగ కుక్క, 11 ఏళ్లు, 13 కిలోలు. రిటైరైన టీచరు గారు, ఆయన భార్య పెంచుకుంటున్నారు. వాళ్లు చెవి చూపించడానికి రాలేదు. సెలవులకు వచ్చిన మనవడు మెడ చుట్టూ చేతులేసి హత్తుకోబోతే బ్రౌనీ గుర్రుమని మీదికి వచ్చింది, పిల్లాడి చెయ్యి కొద్దిలో తప్పింది. "ఎప్పుడూ అలాంటోడు కాదండి. వయసు మీద పడి చిరాకెక్కువైపోయిందండి. కాస్త నెమ్మదిగా ఉండే మందేదన్నా రాయండి డాక్టర్ గారూ" అన్నారు ఆవిడ.

గుణం మారిందని తెచ్చిన ముసలి కుక్కను నేను ముందు నొప్పి ఉన్న కుక్కగానే చూస్తాను. కాదని తేలాకే మిగతా కారణాల జోలికి వెళ్తాను. అడుగుతూ పోతే విషయాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మూడో ఏట నుంచి చెవి సమస్య ఉంది. ప్రతి వానాకాలం దురద, వాసన, గోధుమరంగు గుబిలి. మందుల షాపు నుంచి అదే చుక్కల సీసా తెచ్చి వేస్తే తగ్గేది, ఆపాక కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యేది. నాలుగైదేళ్లుగా ఎడమ చెవి వాసన పూర్తిగా పోయిందే లేదు. మధ్యలో వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరి నూనె కూడా పోశారు.

గత ఆరు నెలలుగా బ్రౌనీ రస్కులు ముట్టడం లేదు, పెరుగన్నం మాత్రం తింటోంది. పళ్ల నొప్పేమో అనుకున్నారు. ఆవలించబోయి సగంలో ఆగి మూలుగుతోంది. ఎడమ పక్కకు పడుకోవడం మానేసింది. రాత్రి రెండు మూడుసార్లు లేచి ఇల్లంతా తిరుగుతోంది. కాళ్లు నాకడం మాత్రం చిన్నప్పటి నుంచీ ఉందట, అదొక అలవాటని అనుకున్నారు.

ఇందులో ఆవలింత సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. మధ్య చెవిని మోసే ఎముక బుడగ దవడ కీలుకు ఆనుకునే ఉంటుంది. మధ్య చెవి వాచిన కుక్క నోరు బాగా తెరిస్తే నొప్పి గుచ్చుతుంది. గట్టివి నమలడం మానేసిన ముసలి కుక్కకు పళ్లు బాగానే ఉంటే చెవి వెనక్కి చెయ్యి పెట్టి చూడాలి.

ఇంకో విషయం అడక్కుండానే చెప్పారు. వారం కిందట బాగా మూలుగుతుంటే ఇంట్లో ఉన్న డైక్లోఫెనాక్ మాత్రలో సగం వేశారు. మన దేశంలో పశువులకు ఈ మందును 2006లోనే నిషేధించారు. అది వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోవడం దానికి కారణం. కుక్కలకు కూడా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మనుషుల నొప్పి మాత్రలు ప్రమాదమే. కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బ్రౌనీకి వాంతులు గానీ నల్లటి విరేచనం గానీ కాలేదు. అయినా రక్తపరీక్ష చేశాకే ఏ మందైనా అని నిర్ణయించుకున్నాను.

పరీక్ష

మొదటి రోజు చెవిలో ఓటోస్కోపు పెట్టలేదు. నొప్పితో ఉన్న కుక్కను నలుగురు పట్టుకుని చెవిలో గొట్టం దూర్చితే కనిపించేది తక్కువ, దానికి మిగిలే భయం ఎక్కువ. తర్వాత ఇంట్లో చుక్కలు వేయాల్సిన వాళ్లకు ఆ భయమే అడ్డమవుతుంది. దూరం నుంచి చూశాను. తల కొద్దిగా ఎడమకు వాల్చి నడుస్తోంది. నడకలో తూలు లేదు, కనుగుడ్లు అదరడం లేదు. రెండు కళ్లూ సమంగా ఆర్పుతోంది, పెదవులు ఒక పక్కకు జారలేదు. ముఖనరం మధ్య చెవి పక్క నుంచే పోతుంది కాబట్టి ఈ సంగతులు మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. కన్నీటి పరీక్షలో నిమిషానికి ఎడమ కంట 17 మి.మీ., కుడి కంట 19 మి.మీ. వచ్చింది. కాకర్ స్పానియల్ జాతికి కళ్లు ఎండిపోయే జబ్బు ఎక్కువ. రేపు ముఖనరం దెబ్బతిని రెప్ప మూతపడకపోతే ఈ కొలత అవసరమవుతుంది.

చెవి డొప్ప కింద బయటి నుంచి తడిమితే కుడి కాలువ మెత్తగా వంగింది. ఎడమది గట్టిపడిపోయింది, నొక్కగానే అరిచింది. కుక్క చెవి కాలువ నిలువుగా దిగి, మలుపు తిరిగి అడ్డంగా కర్ణభేరి దాకా పోతుంది. మృదులాస్థి గొట్టం లోపల పలచటి చర్మం ఉంటుంది, ఆ చర్మం వాస్తే బయటికి జరగడానికి చోటుండదు. వాపంతా లోపలికే వచ్చి కాలువ మూసుకుపోతుంది. కాకర్ స్పానియల్‌లో గుబిలి గ్రంథులు మిగతా జాతులకంటే ఎక్కువ. ఏళ్ల తరబడి వాపుంటే అవి గుత్తులుగా పెరుగుతాయి, మృదులాస్థి ఎముకలా గట్టిపడుతుంది. అక్కడిదాకా వచ్చిన కాలువ ఏ మందుతోనూ మళ్లీ తెరుచుకోదు.

చెవి ముఖద్వారం దగ్గర దూదిపుల్లతో మెల్లగా తీసిన మురికిని గాజు పలక మీద రాసి, రంగు వేసి చూశాను. కుడి చెవిలో మలాసీజియా ఈస్టు కణాలు నిండుగా ఉన్నాయి. ఎడమ చెవిలో కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, చీము కణాలు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో అది సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియాగా తేలింది. ఈ గాజు పలక పరీక్షకు పెద్ద ఖర్చు లేదు, క్లినిక్‌లోనే అయిపోతుంది. ఇది చేయకుండా రాసిన చుక్కల మందు ఊహ మీద రాసినట్టే.

రక్తంలో కాలేయం బాగుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7, మళ్లీ చూసినా అంతే. మూత్రం చిక్కదనం 1.022, ప్రొటీన్ పోవడం లేదు, రక్తపోటు సాధారణం. అంటే మూత్రపిండాల జబ్బు రెండో దశలో ఉంది. థైరాయిడ్ పరీక్షకు రక్తం అప్పుడే తీశాను. స్టెరాయిడ్ మొదలుపెట్టాక చూస్తే ఆ అంకె తప్పుగా తక్కువ వస్తుంది. థైరాయిడ్ సాధారణంగానే ఉంది. చిన్న వయసులో మొదలవడం, కాళ్లు నాకడం, రెండు చెవులూ పాడవడం చూస్తే అసలు కారణం చర్మ అలెర్జీ. ఈస్టు, సూడోమోనాస్ దాని వెనక వచ్చి చేరినవే.

మొదటి రెండు వారాలు

నొప్పి ప్రణాళికకు మొదటి అడ్డంకి మూత్రపిండాలు. సాధారణంగా కుక్కకు నొప్పి అంటే మెలాక్సికామ్ గానీ కార్‌ప్రొఫెన్ గానీ గుర్తొస్తుంది. బ్రౌనీకి ఆ వర్గం మందులు వద్దనుకున్నాను. పైగా మూసుకుపోతున్న చెవిలో నొప్పికి సగం కారణం వాపే. దాన్ని దించడంలో స్టెరాయిడ్‌కు సాటి లేదు. రెండూ కలిపి వేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, కడుపులో రక్తస్రావమయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. మెలాక్సికామ్ వేసుకుంటూ వచ్చిన కుక్కకు స్టెరాయిడ్ అవసరమైతే మధ్యలో కొన్ని రోజులు ఖాళీ ఇవ్వాలి. డైక్లోఫెనాక్ వేసి వారం గడిచింది కాబట్టి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 10 మి.గ్రా., ఉదయం తిండితో మొదలుపెట్టాను. దాహం, మూత్రం, ఆకలి పెరుగుతాయనీ, అది మందు ప్రభావమేననీ, నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచాలనీ ముందే చెప్పాను. ఆ ముక్క చెప్పకపోతే రెండో రోజే మందు ఆపేస్తారు.

రెండో మందు గాబాపెంటిన్. ఏళ్ల తరబడి చెవి నుంచి నొప్పి సంకేతాలు పోతూనే ఉంటే వెన్నుపాములో, మెదడులో నరాలు అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు మామూలు స్పర్శ కూడా నొప్పిగా మారుతుంది. పిల్లాడి చెయ్యి మెడ మీద పడగానే బ్రౌనీ మీదికి రావడానికి కారణం అదే. గాబాపెంటిన్ ఆ అతి స్పందనను తగ్గిస్తుంది. ఇది కూడా మూత్రపిండాల ద్వారా పోయే మందే కాబట్టి తక్కువ మోతాదుతో, 100 మి.గ్రా. రాత్రి పూట మాత్రమే ఇచ్చి చూశాం. పెద్దగా తూలలేదు, అందుకని మూడు రోజుల తర్వాత రెండు పూటలా చేశాం.

ఈ మందు రాసేటప్పుడు నేనొక జాగ్రత్త తప్పకుండా చెబుతాను. మందుల షాపుల్లో గాబాపెంటిన్‌తో నార్ట్రిప్టిలిన్ కలిపిన మాత్రలు, మిథైల్‌కోబాలమిన్ కలిపిన మాత్రలు ఎక్కువగా దొరుకుతాయి. ఉత్త గాబాపెంటిన్ అని చీటీ మీద పెద్దగా రాసి, తెచ్చిన అట్టను నాకు ఫొటో పంపమంటాను. ద్రవరూపంలో ఉన్నది తెస్తే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని చూసుకోవాలి. మనిషికి ఏమీ చేయని ఆ జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడేస్తుంది. ఇక్కడ రాసిన మోతాదులన్నీ బ్రౌనీ బరువుకు, బ్రౌనీ రక్తపరీక్షలకు కుదిరినవి. ఇంకో కుక్కకు ఇవే వేయకూడదు.

ట్రామడాల్ ఎందుకు రాయలేదని తోటి వైద్యులు అడుగుతారు. మనిషి శరీరం ట్రామడాల్‌ను బలమైన నొప్పి నివారిణిగా మార్చుకుంటుంది. కుక్క శరీరంలో ఆ మార్పు చాలా తక్కువ. మత్తుగా పడుకుంటుంది కాబట్టి తగ్గినట్టు కనిపిస్తుంది, నొప్పి అలాగే ఉండొచ్చు.

కుడి చెవికి ఈస్టు మందు, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మొదలుపెట్టాం. కర్ణభేరి కంటితో చూసేదాకా జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు వద్దన్నాను. పొరకు చిల్లు ఉంటే అవి లోపలి చెవిని పాడు చేయగలవు. ఎడమ చెవిలో మాత్రం ఏమీ వేయొద్దని చెప్పాను. టీచరు గారు ఆశ్చర్యపోయారు: "చీము కారేది ఆ చెవే కదండీ?" మూసుకుపోయిన కాలువలోకి చుక్క దిగదు. వేసిన ప్రతిసారీ పట్టుకోవడం, పెనుగులాట, నొప్పి. రెండు వారాలు ఆ చెవిని ముట్టకుండా వదిలేస్తే కుక్కకు చేతుల మీద నమ్మకం తిరిగొస్తుంది. అలెర్జీ చెవులకు ఇంటివాళ్ల చేతులు జీవితాంతం అవసరం.

టీచరు గారు నోటుపుస్తకం పెట్టారు. రోజూ ఐదు సంగతులు: చెవి దగ్గర నిమిరితే ఎలా ఉంది, పూర్తిగా ఆవలించిందా, రస్కు తిందా, రాత్రి ఎన్నిసార్లు లేచింది, తల ఎంత విదిలించింది. ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు. ఎక్కువ మార్కులంటే ఎక్కువ నొప్పి. ఆసుపత్రుల్లో వాడే నొప్పి స్కేళ్లు చాలావరకు ఆపరేషన్ తర్వాతి నొప్పి కోసం తయారైనవి. ఇంట్లో, నెలల తరబడి ఉండే నొప్పిని ఇంటివాళ్ల కళ్లే బాగా కొలుస్తాయి. మొదటి రోజు 15కి 13 వచ్చింది. రెండు వారాలకు 6. రాత్రి తిరగడం ఆగింది, నానబెట్టిన రస్కు తింటోంది, కుడి వైపు నిమిరించుకుంటోంది. ఎడమ చెవి దగ్గర చెయ్యి పెడితే మాత్రం ఇంకా 3కి 3.

ఎడమ చెవి

అప్పుడు మత్తు ఇచ్చి రెండు చెవులూ గోరువెచ్చటి సెలైన్‌తో కడిగి చూశాం. కుడి కాలువ తెరుచుకుంది, కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉంది. ఎడమ వైపు మలుపు దాటి పోవడమే కుదరలేదు. ఎక్స్‌రేలో ఎడమ కాలువ గోడలు సున్నం పట్టి తెల్లగా కనిపించాయి, ఎముక బుడగ లోపల గాలికి బదులు చీము నిండి ఉంది. సీటీ స్కాన్ ఉన్న చోటికి పంపితే అదే ఖాయమైంది. ముసలి కుక్కలో ఒక చెవి మరీ ఎక్కువగా పాడైతే గుబిలి గ్రంథుల క్యాన్సర్ కూడా మనసులో ఉంచుకోవాలి. స్కాన్‌లో ఎముకను తినేసిన గుర్తులేవీ లేవు.

ఈ దశలో యాంటీబయాటిక్ మార్చి మార్చి వేయడం వల్ల కుక్కకు ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. సూడోమోనాస్ జిగురు పొర కట్టుకుని దాక్కుంటుంది. ట్రిస్-ఇడిటిఎ ద్రావణంతో కడిగి, ఆ తర్వాత మందు వేస్తే తెరిచి ఉన్న కాలువలో లొంగుతుంది. మూసుకుపోయిన కాలువలో ఆ ద్రావణం దిగదు. మిగిలిన దారి చెవి కాలువను పూర్తిగా తీసేసి, ఎముక బుడగను తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్. చివరి దశకు వచ్చిన చెవికి దీన్ని మించిన నొప్పి మందు లేదు.

"ఈ వయసులో కోతెందుకండీ, ఉన్నన్నాళ్లు మందులతో లాగించేద్దాం" అన్నారు ఆవిడ. ఆ మాటలో ప్రేమే ఉంది. నేను నోటుపుస్తకం తెరిచి ఎడమ చెవి వరుస చూపించాను. ఇన్ని మందులు వేసినా ఆ వరుసలో మార్కు తగ్గలేదు. స్టెరాయిడ్ ఈ మోతాదులో ఎల్లకాలం వేయలేం. కాకర్ స్పానియల్ 14, 15 ఏళ్లు కూడా బతుకుతుంది, ఆ మిగిలిన ఏళ్లు ఈ చెవితో గడపాలి. ఎడమ వైపు వినికిడి ఎలాగూ చాలావరకు పోయింది. మూత్రపిండాలు రెండో దశలో నిలకడగా ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా మత్తు ఇవ్వొచ్చు. ముఖనరం తాత్కాలికంగా గానీ శాశ్వతంగా గానీ బలహీనపడొచ్చనీ, నెలల తర్వాత కూడా లోపల చీము గడ్డ కట్టే అవకాశం కొంత ఉంటుందనీ దాచకుండా చెప్పాను. వాళ్లు వారం ఆలోచించుకుని సరేనన్నారు.

ఆపరేషన్ రోజు

ఈ ఆపరేషన్‌లో అనుభవమున్న శస్త్రవైద్యుడి దగ్గరకు పంపాను, నొప్పి ప్రణాళిక ఇద్దరం కలిసి రాసుకున్నాం. ప్రెడ్నిసొలోన్‌ను మెల్లగా తగ్గించి వారం ముందు ఆపేశాం. గాబాపెంటిన్ ముందు రాత్రి, ఆ ఉదయం కూడా ఇచ్చాం.

కుక్కకు చేసే ఆపరేషన్లలో బాగా నొప్పి ఉండేవాటిలో ఇదొకటి. బ్యూటార్ఫనాల్ అనే నొప్పి మందు ఒక్కదాని మీద ఆధారపడి దీన్ని చేయకూడదు, దాని బలం తక్కువ, గంట రెండు గంటల్లో దిగిపోతుంది. బలమైన నొప్పి మందు ఫెంటనిల్ ధారగా, దానితో పాటు కెటమిన్ చిన్న మోతాదులో ధారగా పెట్టాం. కెటమిన్ ఇక్కడ మత్తు కోసం కాదు, వెన్నుపాములో నొప్పి పేరుకోకుండా ఆపడానికి. కోత పెట్టకముందే చెవికి పోయే రెండు నరాల దగ్గర మొద్దుబార్చే మందు బ్యుపివకెయిన్ ఎక్కించాం. కిలోకు 2 మి.గ్రా. దాటకూడదన్న లెక్కన బ్రౌనీకి గరిష్ఠం 26 మి.గ్రా., అంటే 0.5 శాతం మందు 5 మి.లీ. చిల్లర. అందులో సగం చాలింది. ఈ మందు ముఖనరం దాకా పాకి కొన్ని గంటలు రెప్ప పడకపోవచ్చు, అందుకని కంటికి లేపనం ముందే పెట్టాం. మూత్రపిండాల కోసం సగటు రక్తపోటు 65 కింద పడకుండా చూస్తూ సెలైన్ నడిపించాం.

మొదటి రాత్రి కెటమిన్ ఇంకా తక్కువ మోతాదులో కొనసాగింది. ఫెంటనిల్ తగ్గించి బ్యూప్రెనార్ఫిన్ అనే ఇంకో నొప్పి మందుకు మార్చాం. నరంలోకి పారాసెటమాల్ కిలోకు 10 మి.గ్రా. ఇచ్చాం. కుక్కకు, కాలేయం బాగున్నప్పుడు, వైద్యుడి లెక్కతో ఇది పనికొస్తుంది. ఇంట్లో సొంతంగా వేయకూడదు. పిల్లికైతే ప్రాణాంతకం. అమాంటడిన్ అనే మరో నొప్పి మందు గురించి కూడా మాట్లాడుకున్నాం గానీ అది కూడా మూత్రపిండాల ద్వారానే పోయే మందు, మిగతావి సరిపోయాయి కాబట్టి పక్కన పెట్టాం. గుడ్డలో చుట్టిన ఐసు మొదటి రెండు రోజులు కాసేపు కాసేపు. నాలుగు గంటలకోసారి ఎవరో ఒకరు పక్కన కూర్చుని పలకరించి, కోత చుట్టూ మెల్లగా తాకి చూశారు. నిద్రపోతున్న కుక్కకు నొప్పి లేదని రాసేయకూడదు, లేపి చూడాలి.

మూడో రోజు మెత్తటి అన్నం తిని ఇంటికెళ్లింది. ఎడమ రెప్ప సగమే పడేది. దానికి కంటి చుక్కలు, చూపు మీద నిఘా. మూడు వారాల్లో రెప్ప మామూలైంది. తీసిన కణజాలం పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. గ్రంథుల పెరుగుదల, ఎముకగా మారిన మృదులాస్థి మాత్రమే.

ఆపరేషన్ కుదరని చోట

ఈ సదుపాయం అన్ని ఊళ్లలో లేదు, ఖర్చూ అందరూ భరించలేరు. అలాంటి కుక్కను చేతులెత్తేసి పంపకూడదు. ఇంటివాళ్లతో కూర్చుని లక్ష్యం మార్చుకోవాలి: చెవి నయం కావడం బదులు రాత్రి నిద్ర, తిండి, నిమిరించుకోవడం. గాబాపెంటిన్ నిలకడగా, వాపు ఎక్కువైనప్పుడు స్టెరాయిడ్ కొన్నాళ్లు, మూత్రపిండాలు బాగున్న కుక్కకు స్టెరాయిడ్‌కు బదులు మెలాక్సికామ్, కొన్ని నెలలకోసారి మత్తులో కడగడం. నోటుపుస్తకంలో మార్కులు పెరుగుతూ పోతే ఏం చేయాలో, సుఖంగా సాగనంపే మాటతో సహా, ముందే మాట్లాడుకోవాలి. నొప్పి ముదిరిన రోజున ఆ నిర్ణయం తీసుకోమనడం ఇంటివాళ్లకు అన్యాయం.

ఇప్పుడు

ఆపరేషనై ఎనిమిది నెలలైంది. రెండో నెలకు నోటుపుస్తకంలో మార్కు 1కి దిగింది, ఆ ఒక్కటీ కుడి చెవి దురదతో తల విదిలించడానికి వచ్చింది. గాబాపెంటిన్‌ను ఒక్కసారిగా ఆపకుండా మూడు వారాల్లో మెల్లగా తగ్గించి మానేశాం. ఎండు రస్కు నములుతోంది. మనవడు వచ్చినప్పుడు ముందు పేరు పెట్టి పిలిచి, కుడి వైపు నుంచి రావాలని వాడికి నేర్పారు. వినపడని వైపు నుంచి ముట్టుకుంటే నొప్పి లేని కుక్క కూడా ఉలిక్కిపడుతుంది.

కుడి చెవిని కాపాడుకోవడమే ఇప్పుడున్న పని. అలెర్జీకి ఓక్లాసిటినిబ్ 5.4 మి.గ్రా. మాత్ర రోజుకొకటి. వారానికోసారి చెవి కడిగే ద్రావణం, స్నానం తర్వాత మెత్తటి గుడ్డతో ఆరబెట్టడం, వారానికి రెండుసార్లు స్టెరాయిడ్ చుక్కలు, చెవి బాగున్నా సరే. నూనెలు, దూదిపుల్లలు పూర్తిగా బంద్. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి గాజు పలక పరీక్ష. మూడు నెలలకోసారి క్రియాటినిన్, కిందటిసారి 1.8. ఎడమ చెవి ఉన్న చోట వాపు గానీ, ఆవలింత సగంలో ఆగడం గానీ మళ్లీ కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయమని టీచరు గారికి చెప్పాను. ఆ రెండూ నోటుపుస్తకం అట్ట మీద రాసుకున్నారు.